వదాద్ అబ్లా ముందు చెప్పిన మాట

ఈజిప్టులో మా దమ్యాత్ ఊళ్ళో సోఫాకు గుడ్డ తొడగడంలో మా ఇన్షిరాహ్ అక్కను మించినవాళ్ళు లేరు. మా చిన్నాన్న కూతురు కాబట్టి చెబుతున్న మాట కాదిది. నేను చెప్పేవాటిలో సగం కూడా నమ్మని మా వీధివాళ్ళు ఈ ఒక్కటి మాత్రం ఒప్పుకుంటారు. నోట్లో పిడికెడు చిన్న మేకులు పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తోసి, సుత్తితో అందుకుని కొడుతుంది. ఆ మేకులు నోట్లో ఉండగానే కూరలవాడితో బేరం ఆడుతుంది, అత్తగారికి జవాబు చెబుతుంది. ఒకసారి తుమ్మితే నాలుగు మేకులు ఎగిరి కుర్చీ అంచున వరుసగా దిగాయి. నేను కళ్ళారా చూశాను. పక్కన ఎవరూ లేకపోవడం నా దురదృష్టం.

ఇంత నోరున్న మనిషి మంచి జరిగితే మాత్రం చెప్పదు. దిష్టి భయం. ఆ భయం మా వీధిలో అందరికీ ఉన్నదే. నాకు ముందు పుట్టినవాళ్ళు నిలవలేదని మా అమ్మ నాకు శెహాతా అని పేరు పెట్టింది, ముష్టెత్తి తెచ్చుకున్న బిడ్డ అని చెప్పుకోవడానికి. ఆ పేరు బాగా పనిచేసింది. ఇంతవరకు నన్ను చూసి ఎవరూ అసూయపడలేదు. ఆరో తరగతిలో బడికీ నాకూ చెడింది, నేను లేని లోటు ఆ బడికి ఇప్పటికీ తీరలేదు. ఇప్పుడు బీరువాలకు పాలిష్ పెడతాను, మూడు చక్రాల బండి మీద సామాన్లు తోలుతాను.

అయితే ఇన్షిరాహ్ అక్క భయం ముందు మా అమ్మ భయం ఏ మూలకూ రాదు. కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో నెల వచ్చేదాకా గ్యాసు అనే చెప్పింది. బిడ్డ పుట్టాక "గ్యాసుకి ఏం పేరు పెట్టావక్కా?" అని అడిగితే నా చెవి పక్కనుంచి మేకు దూసుకుపోయింది. పేరు తస్నీమ్. చక్కని పిల్ల. ఆ మాట ఎవరైనా అనబోతే అక్క గబుక్కున "రాత్రంతా దగ్గింది, చిక్కిపోయింది" అని అడ్డుపడేది.

తస్నీమ్‌కి మాట రాలేదు. మూడేళ్ళు, నాలుగేళ్ళు, అయిదేళ్ళు గడిచాయి. చెవులు బాగానే ఉన్నాయి, బుద్ధి చురుకైనదే, మాట మాత్రం లేదు. కొత్త మనిషి ఎదురైతే నేల మీద కూలబడి, సంచీ తల మీద బోర్లించుకుని కూర్చునేది. మా బావ లుత్ఫీ చేపల పడవల మీద పోతాడు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. అక్కే తిరిగి తిరిగి, మామూలు పిల్లలు చదివే బడిలోనే తస్నీమ్‌కి చోటు సంపాదించింది. ఇలాంటి పిల్లల పక్కన కూర్చోవడానికి ఆ బడి ఒక తోడు మిస్‌ని పెడుతుంది. అలా వచ్చిందే మిస్ రగ్దా. రెండేళ్ళపాటు ఆ పిల్లా ఆవిడా ఒకే బెంచీ మీద కూర్చున్నారు. రగ్దా గేటు దగ్గర కనిపిస్తే చాలు, తస్నీమ్ అమ్మ చెయ్యి వదిలేసేది. ఆ వదిలేసిన చేతిని అక్క కాసేపు అలాగే చాచి ఉంచేది, బండి మీద కూర్చుని చూసేవాణ్ణి.

శుక్ర, శనివారాల సెలవు అయ్యాక ఒక ఆదివారం పొద్దున ముగ్గురం గేటు దగ్గర దిగాం. రగ్దా నిలబడే చోట ఎవరో కొత్త అమ్మాయి, చంకలో కొత్త సంచీ, మొహం నిండా నవ్వు.

"తస్నీమ్ వాళ్ళమ్మగారేనా? నేను మిస్ జిహాన్‌ని. ఈ రోజునుంచి పాపతో నేనుంటాను."

"మిస్ రగ్దా ఏదమ్మా?"

"నాకు తెలీదండీ. నన్ను రాత్రే పిలిచారు."

ఆ అమ్మాయి వంగి తస్నీమ్ చెయ్యి పట్టుకోబోయింది. పిల్ల దబ్బున కూలబడింది. సంచీ తల మీదికి వెళ్ళింది. లోపల గంట మోగింది, పిల్లలంతా వరుసల్లో వెళ్ళిపోయారు, మా పిల్ల గేటు మధ్యలో బోర్లించిన తట్టలా ఉండిపోయింది. జిహాన్ నవ్వు అలాగే మిగిలింది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

అక్క నన్ను పిల్ల దగ్గర ఉండమని నేరుగా హెడ్మిస్ట్రెస్ గదికి పోయింది. ఆవిడ పేరు ఇఖ్లాస్ మేడమ్. ఆ గది కిటికీ గేటు పక్కనే ఉంది, నా చెవులకు గోడలే అడ్డం కావు, కిటికీ ఒక లెక్కా.

"మేడమ్, రగ్దా ఏది?"

"కూర్చో ఉమ్ తస్నీమ్, టీ తాగుతావా?" తల్లిని బిడ్డ పేరుతో అలా పిలవడం మా వైపు మర్యాద.

"టీ వద్దు. రగ్దా ఏది?"

"కొంచెం సెలవులో ఉంది."

"కొంచెమంటే?"

"దేవుడు దయ తలిస్తే..."

"మేడమ్, నా పిల్ల గేటులో దుమ్ములో కూర్చుంది."

అప్పుడు ఇఖ్లాస్ మేడమ్ గొంతు దించింది. "నిన్న పొద్దున విమానం ఎక్కింది. ఒమాన్ వెళ్ళిపోయింది. పెళ్ళయిందట. నాకూ నిన్న సాయంత్రమే తెలిసింది, వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా స్టాఫ్ రూములో ఒక్కళ్ళకి తెలిస్తే ఒట్టు."

నేను కిటికీలోంచి తొంగి చూశాను. అక్క నోరు తెరుచుకునే ఉంది. మేకులతో నిండినా ఆగని ఆ నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు.

"ఇంకో సంగతి," అంది ఇఖ్లాస్ మేడమ్. "బుధవారం జిల్లా ఆఫీసు నుంచి తనిఖీ ఉంది. ఇలాంటి పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ చూస్తారు. రెండేళ్ళలో మాట రాలేదని రగ్దా రాసిచ్చింది. ఇప్పుడు తోడు మారింది, పిల్ల తరగతిలోకే రావడం లేదు. ఇలా అయితే నది అవతలున్న మూగపిల్లల బడికి పంపేయమంటారు. నేను ఆపలేను."

ఆ బడి మాకు తెలుసు. అక్కడ పిల్లలు సైగలు నేర్చుకుంటారు, అక్కడికి పంపారంటే పిల్లకు మాట వస్తుందన్న ఆశ ఇక వదులుకున్నట్టే.

బండిని నేరుగా రగ్దా వాళ్ళింటికి తోలాను. దారిలో అక్క ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. "గురువారం కూడా నవ్వింది రా. గేటు దగ్గర నా భుజం తట్టి మరీ వెళ్ళింది." తస్నీమ్ బండి వెనకాల సంచీ కిందే ఉంది.

తలుపు తీసింది రగ్దా వాళ్ళమ్మ. అక్కను చూడగానే తలుపు సగానికి మూసింది.

"రగ్దా వాళ్ళ పిన్నింటికి మన్సూరా వెళ్ళిందమ్మా."

"విమానంలో వెళ్ళిందా?" అన్నాను నేను.

ఆవిడ నన్నొకసారి చూసి తలుపు పూర్తిగా తీసింది. లోపల సోఫా మీద పెళ్ళివారి మిఠాయి డబ్బాలు, కాగితప్పూలు ఉన్నాయి. అక్క చూపు వాటి మీద లేదు. గోడన ఆన్చి ఉన్న ఒక దూది బొంత మీద ఆగింది. గులాబి రంగు శాటిన్, మధ్యలో నెమలి కుట్టు. దమ్యాత్‌లో ఆ నెమలిని ఒక్క చెయ్యే కుడుతుంది.

"ఇది నా కుట్టు," అంది అక్క.

రగ్దా తల్లి నేల చూసింది. "కుట్టమని మా మరదలి చేత నీకు చెప్పి పంపించాను. పెళ్ళికూతురు కఫ్ర్ సాద్ ఊరి అమ్మాయని చెప్పమన్నాను. ఆ ఒక్కటీ పెట్టెలో పట్టలేదు, ఉండిపోయింది. ఏం చెయ్యను తల్లీ? వీసా రెండుసార్లు చెడింది. కళ్ళు పడతాయని భయం. విమానం లేచేదాకా మా వారికే సరిగ్గా చెప్పలేదు."

ఆ బొంతలు కుట్టినన్నాళ్ళు అక్క ఎలా పాడిందో నాకు తెలుసు. దూది ఏకుతూ, వీధంతా వినిపించేలా పెళ్ళిపాటలు పాడి, ఎవరో తెలియని ఆ పెళ్ళికూతురికి దీవెనల మీద దీవెనలు పెట్టింది. తన బిడ్డ బెంచీ ఖాళీ చేసి వెళ్ళబోయేదానికి తన చేత్తోనే సారె సర్దింది.

నేనైతే గొడవ పెట్టుకునేవాణ్ణే. అక్క మాత్రం ఆ బొంత అంచు ఒకసారి సరిచేసి, "ఫోన్ కలపండి," అంది.

ఫోన్‌లో రగ్దా మొహం కనిపించింది. చేతులకింకా గోరింటాకు ఉంది. అక్కను చూడగానే ఏడుపు మొదలుపెట్టింది. తనకంటే పెద్దది కాబట్టి మా వైపు మర్యాదగా అక్కను అబ్లా అంటుంది.

"అబ్లా, నన్ను తిట్టండి. తిట్టాకే మాట్లాడండి."

"తిట్లు తర్వాత. ఒక్క మాట చెప్పి వెళ్ళకూడదుటే? పిల్లకైనా చెప్పకూడదా?"

"నోటి దాకా వచ్చిందబ్లా. మా అమ్మ ఒట్టు వేయించుకుంది. పైగా... నేనుండి మాత్రం ఏం చేశాననిపించింది. రెండేళ్ళు పక్కన కూర్చున్నాను. ఒక్క అక్షరం పలికించలేకపోయాను. ఇంకెవరైనా అయితే పలికించేవాళ్ళేమో, నేనే అడ్డంగా ఉన్నానేమో అని రోజూ ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని. సంబంధం వచ్చినప్పుడు అందుకే సరే అన్నాను."

అక్క తెల్లగా పాలిపోయింది. నేను పాలిష్ పనివాణ్ణి, రంగులు నాకు తెలుసు. అలాంటి తెలుపు ఏ డబ్బాలోనూ దొరకదు.

"మాట్లాడుతుందే," అంది అక్క.

"ఎవరు?"

"తస్నీమ్. మిలాద్ పండుగ నాడు పంచదార గుర్రపు బొమ్మ తోక విరిచి పెట్టాను. తిని, నా చెయ్యి పట్టుకుని 'ఇంకా' అంది. అప్పట్నుంచి రోజూ అంటోంది. నువ్వు తరగతిలో రొట్టె ముక్క ఇస్తూ అడుగుతావట కదా, 'ఇంకా?' అని. అదే మాట, నీ గొంతుతోనే."

ఫోన్‌లో రగ్దా ఏడుపు ఆగిపోయింది. నేను గోడకు ఆనుకున్నాను. ఆ సంగతి నాకూ తెలియదు. రోజూ ఆ పిల్లను బండి మీద తిప్పే నాకు.

"మిలాద్ పండుగనుంచా?" అంది రగ్దా మెల్లగా. "రోజూ గేటు దగ్గర కనిపించారు కదబ్లా. నాకెందుకు చెప్పలేదు?"

"ఒక్క మాట కదే. ఎవరి కన్నైనా పడితే అదీ పోతుందని."

"నా కన్నా?"

ఫోన్‌కి అటొకళ్ళు, ఇటొకళ్ళు, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ ఉండిపోయారు. రగ్దా తల్లి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చివరికి రగ్దాయే తేరుకుంది. "అబ్లా, జిహాన్‌కి చెప్పండి, పాప చెయ్యి పట్టుకోవద్దని. సంచీ పట్టీ ఒకటి చాపి ఊరికే నిలబడితే తనే పట్టుకుంటుంది, తొందర పెట్టకూడదు. నేను కూడా ఫోన్ చేసి అన్నీ చెబుతాను. తనిఖీలో మాత్రం మాట వచ్చిందన్న సంగతి మీ నోటితోనే చెప్పాలి. రాలేదని రాసింది నేను. నేనిప్పుడు కాదంటే ఎవరూ నమ్మరు. ఇంతకీ తనిఖీకి వచ్చేదెవరు?"

"ఇఖ్లాస్ మేడమ్ పేరు చెప్పలేదు."

"వదాద్ అబ్లా కాదు కదా?"

ఆ పేరు వినగానే వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది.

వదాద్ అబ్లా గురించి తెలియనివాళ్ళు దమ్యాత్‌లో లేరు. జిల్లా ఆఫీసులో పెద్ద ఇన్‌స్పెక్టర్. ఆవిడ కన్ను అలాంటిలాంటిది కాదు. ఒకసారి పడవలో నది దాటుతూ "ఇంజను ఎంత నిశ్శబ్దంగా నడుస్తోందో" అందట. అంతే, నది మధ్యలో అది పూర్తిగా నిశ్శబ్దమైపోయింది. ఒక పెళ్ళిలో గాజు దీపాల గుత్తిని మెచ్చుకుంటే అది సూప్ గిన్నెలో దిగింది. ఇవి విన్నవి. నేను చూసింది చెబుతాను. మా కార్ఖానాకి వచ్చి నేను పాలిష్ పెట్టిన బీరువా చూసి "అద్దంలా ఉందే" అంది. తెల్లారేసరికి ఆ బీరువా ముసలి మొసలి వీపులా పగిలి ఉంది. వార్నిష్‌లో నేను కలిపింది ఎక్కువైందని మా యజమాని అంటాడు. ఆయన చదువుకున్నవాడు, ఆయనకేం తెలుసు.

అందుకే ఆవిడ వచ్చే రోజున బడి బడంతా దారిద్ర్యం ఒలకబోస్తుంది. బుధవారం పొద్దున మేం వెళ్ళేసరికి కొత్త కంప్యూటర్ల మీద పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి. టీచర్లు ఇంట్లో కట్టుకునే బట్టల్లో వచ్చారు. బాగా చదివే పిల్లలందరికీ ఆ రోజు జ్వరం. ఇఖ్లాస్ మేడమ్ గాజులు తీసి సొరుగులో పడేసి, మాకు ఎదురొచ్చింది.

"ఉమ్ తస్నీమ్, నీకు దణ్ణం పెడతాను. ఏడువు, బతిమాలు, ఏదైనా చెయ్యి. మంచి మాట మాత్రం ఒక్కటీ ఆవిడ ముందు పలక్కు. నీ బిడ్డకీ మంచిది కాదు, నా బడికీ మంచిది కాదు."

జిహాన్ మూడు రోజులుగా సంచీ పట్టీ చాపి నిలబడుతోంది. ఆ పొద్దున మొదటిసారి తస్నీమ్ పట్టీ చివర రెండు వేళ్ళతో పట్టుకుంది. అలా తనిఖీ జరిగే గది దాకా వచ్చింది. గుమ్మంలో ఆగి గోడకు మొహం పెట్టుకుంది.

వదాద్ అబ్లా సన్నని ముసలావిడ. దళసరి కళ్ళద్దాలు, బూడిద రంగు కోటు. నేనెక్కడ నిలబడినా ఆ అద్దాలు నన్నే చూస్తున్నట్టున్నాయి, నా పేరు మీద భారం వేసి నిలబడ్డాను.

"రెండేళ్ళు," అంది కాగితాలు తిప్పుతూ. "మాట లేదు. కొత్త మనిషితో కూర్చోదు. తోడు మారినట్టు నాకైనా ఎవరూ రాసి పంపలేదు. ఇఖ్లాస్ మేడమ్, మీరేమంటారు?"

"ఏమనేది అబ్లా. పాపం, అలాగే ఉంది. ఏమీ లేదు."

"తల్లిగారూ?"

అక్క నా వైపు చూసింది. తలుపు వైపు చూసింది. గోడకు మొహం పెట్టిన పిల్లను చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. వద్దనే ఊపాను.

"నా పిల్లకి మాట వచ్చింది," అంది అక్క.

ఇఖ్లాస్ మేడమ్ కుర్చీ చేతులు పట్టుకుంది. అక్క ఆగలేదు, ఆగితే మళ్ళీ చెప్పలేనని తనకు తెలుసు.

"ఒకటే మాట. 'ఇంకా' అంటుంది. ఈ బడిలో నేర్చుకుంది, మిస్ రగ్దా నేర్పింది. నేనే దాచాను. అందరి దగ్గరా దాచాను. ఇక్కడుంటే ఇంకో మాట వస్తుంది. నా పిల్లని ఇక్కణ్ణుంచి తియ్యొద్దు."

వదాద్ అబ్లా తలెత్తలేదు. కాగితాల మీద చూపు అలాగే ఉంచి కళ్ళద్దాలు తీసింది. మడిచి జేబులో పెట్టుకుంది. తర్వాత లేచి, కుర్చీని చేత్తో పట్టుకుని తిప్పి, గోడ వైపు మొహం పెట్టి కూర్చుంది. జిల్లా ఇన్‌స్పెక్టరు, మా అందరికీ వీపు పెట్టి.

"ఇప్పుడు చెప్పమ్మా. నేను చూడను. వింటాను. ఎప్పుడు, ఎలా, అన్నీ చెప్పు."

అక్క చెప్పింది. పంచదార బొమ్మ తోక, రొట్టె ముక్క, రగ్దా గొంతు, అన్నీ. ఒకటి రెండు చోట్ల తడబడి మొదటికొచ్చింది. ఆ వీపు కదలకుండా వింది.

"నేను ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి," అంది వదాద్ అబ్లా గోడతో, "నా ముందు 'నా బిడ్డకి బాగుంది' అన్న తల్లి ఒక్కతీ లేదు. ఏ బడికి వెళ్ళినా ఏడుపే. నా గురించి ఏమనుకుంటారో నాకు తెలుసు, ఇఖ్లాస్ మేడమ్. మీ కంప్యూటర్ల మీద దుప్పట్లు కూడా కనిపించాయి. పోనీలే అనుకునేదాన్ని. కానీ నా ముందు ఏం చెబితే అదే రాశాను. మార్పు లేదు, మార్పు లేదు అని. పంపేయండి, పంపేయండి అని."

ఇఖ్లాస్ మేడమ్ చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. నది అవతలి బడికి పోయిన పిల్లలు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. ఒకడు మా వీధివాడే. వాడికి మాట వస్తోందని వాళ్ళ నాయనమ్మ రహస్యంగా మా అమ్మ చెవిలో చెప్పినట్టు గుర్తు.

"అమ్మాయి చేత పలికించి చూపించమంటారా అబ్లా?" అంది జిహాన్ సన్నగా.

"అక్కర్లేదు. అబద్ధమైతే ఈ తల్లి ఇది నాకు చెప్పేది కాదు. ఈ ఊళ్ళో ఎవరూ చెప్పరు."

అలా గోడ వైపే తిరిగి ఉండి, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసింది. పిల్ల ఇక్కడే ఉంటుంది. ఇకమీదట తోడు మిస్ మారితే నెల ముందే తల్లికి చెప్పాలి, పిల్లకి కూడా చెప్పాలి, వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళతో కలిసి కొన్నాళ్ళు అదే బెంచీ మీద కూర్చోవాలి. "దిష్టి తగులుతుందని ఎవరైనా భయపడితే, నాకు చెప్పకపోయినా సరే, పిల్ల తల్లికి మాత్రం చెప్పమనండి," అంది. నవ్వుతూ అందో లేదో తెలియదు, మొహం కనపడలేదు. మేం గది దాటేదాకా ఆవిడ ఇటు తిరగలేదు.

బయట మెట్ల మీద అక్క పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. తస్నీమ్ నుదురు తడిమింది, నాలుక చూసింది, చెవుల వెనక చూసింది. పిల్ల విసుక్కుని లేచి, జిహాన్ సంచీ పట్టీ రెండు వేళ్ళతో పట్టుకుని లోపలికి పోయింది. అక్క ఖాళీ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ వైపే చూస్తూ కూర్చుంది.

"ఏం చేశాను రా శెహాతా?"

"నాకేం తెలుసక్కా. నేను ఆరో తరగతి."

ఆ వారమంతా ఉప్పు తిప్పి పోయడంతోనే సరిపోయింది మా అక్కకి, మా వీధిలో ఉప్పు కరువొచ్చింది. గంటకోసారి పిల్లకి రొట్టె ముక్క ఇచ్చి మాట ఉందా పోయిందా అని చూసేది. ఆ రొట్టెలకి పిల్ల గుమ్మంలో పట్టనంత లావైంది. మాట పోలేదు.

పై వారం ఒక మధ్యాహ్నం అక్క మా కార్ఖానాకి వచ్చింది. లోపలికొచ్చి అటూ ఇటూ చూసి, తలుపు మూసి, నోట్లో మేకులు అరచేతిలోకి ఊసింది. రొట్టె ఇంకో ముక్క పెట్టబోతే తస్నీమ్ చెయ్యి తోసేసి "వద్దు" అందట. ఫోన్ చేసి రగ్దాకి చెప్పింది, పొద్దునే జిహాన్‌కి చెప్పింది, మూడో మనిషిని నేను.

"ఇంకెవరికైనా చెప్పావో, చంపేస్తాను," అంది.

ఎవరికీ చెప్పలేదు. రాశానంతే. చదివినవాళ్ళు దిష్టి తగలకుండా ఒకసారి మాషా అల్లాహ్ అనుకుని, చూపు పక్కకు తిప్పుకోండి.